ఒక్క మనిషికని చేసిన సున్నుండలు

మొన్నీమధ్య ఒక అమ్మాయి ఫోన్ చేసింది. డైటీషియన్ చదువు పూర్తయిందట, రాజమండ్రిలోనే ఒక ఆసుపత్రిలో చేరబోతోందట. షుగర్ పేషెంట్లకు పనికొచ్చే పండగ స్వీట్ల కొలతలు రాసుకున్న నోటుపుస్తకం నా దగ్గర ఉందని ఎవరో చెప్పారట. ఒక్కరోజు ఇస్తే జెరాక్స్ తీయించుకుని తిరిగి ఇచ్చేస్తానంది. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీద కాదు. ఇన్నేళ్ళ చాకిరీలో నేను నేర్చుకున్నదంతా ఆ నోటుపుస్తకంలో ఉందని లోకం అనుకుంటున్నందుకు. అందులో ఉన్నవి గ్రాములూ చెంచాలూ. నన్ను ఏడిపించినవి అవి కావు.

అందుకని పుస్తకంతో పాటు ఈ కాగితాలు కూడా పంపుతున్నాను. చదివితే చదువుతుంది, లేకపోతే పకోడీలు పొట్లం కట్టుకుంటుంది.

సలహా కోసం ఎవరూ రారు

తొంభైల మొదట్లో నేను ఉద్యోగంలో చేరినప్పుడు డైటీషియన్ అంటే ఏంటో పేషెంట్ల సంగతి సరే, మా సిబ్బందికే తెలియదు. క్యాంటీన్‌లో సాంబారు పలచనైతే నా గదికి వచ్చి దెబ్బలాడేవారు. నేను డాక్టర్ని కాదు, నర్సుని కాదు, వంటమనిషిని అసలే కాదు. మేనేజరుగారు మాత్రం మూడోదాని వైపే మొగ్గు చూపేవారు. చివరికి వార్డుల్లో అందరూ కలిసి నాకు చప్పిడి మేడం అని పేరు పెట్టారు.

మామూలు రోజుల్లో నా గది ముందు బెంచీ మీద పిల్లి పడుకునేది. పండగకి పదిహేను రోజుల ముందు నుంచి మాత్రం ఆ బెంచీ మీద చోటు దొరికేది కాదు. మొదట్లో మురిసిపోయాను, మనకీ విలువ వచ్చింది కదా అని. తర్వాత తెలిసింది, వాళ్ళు వచ్చింది సలహా కోసం కాదు, పర్మిషన్ కోసం. ఏం తినాలో చెప్పమని ఎవరూ అడగరు. ఇంట్లో ఆల్రెడీ చేసి డబ్బాలో పెట్టినదాన్ని తినొచ్చని నాతో అనిపించుకోవాలి. నేను అనను. వాళ్ళు లేవరు.

"పంచదార పూర్తిగా మానేశానండి" అని మొదలుపెడతారు. మరి దేనితో చేశారంటే బెల్లంతో అంటారు. బెల్లమూ అంతేనండీ అంటే మరుసటి వారం తాటిబెల్లంతో వస్తారు. అదీ వద్దంటే తేనె. తేనె వద్దంటే ఖర్జూరం. పాలకొల్లులో కొట్టున్న ఒక పెద్దాయనైతే ఈ మెట్లన్నీ ఎక్కి దిగి, ఆఖర్న చెరుకు ముక్కలు నమలడం వ్యాయామం కిందకి వస్తుందా అని అడిగాడు. ఇంకొకావిడ, బెల్లం దేవుడికి నైవేద్యం పెట్టేది కదా, దానికి షుగర్ ఎలా ఉంటుందండీ అంది. నిజంగానే అడిగింది, వేళాకోళం కాదు.

నేను చేసిన పులుసు

వద్దు వద్దు అని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి, తినగలిగేది ఏదో నేనే చేసి చూపిస్తానని ఒక దీపావళికి బయల్దేరాను. ఎవరూ అడగలేదు. పంచదారకి బదులు వేసుకునే తీపి పొడులు అప్పుడప్పుడే మన మెడికల్ షాపుల్లోకి వస్తున్నాయి. చిన్న డబ్బా, పెద్ద ధర. రెండు డబ్బాలు కొని, క్యాంటీన్ వంటాయన చేత బూందీ దూయించి, లడ్డూలు చుట్టేద్దామనుకున్నాను. పొడిని నీళ్ళలో పోసి పొయ్యి మీద పెట్టాను, పాకం వస్తుందని.

రాదు. అది పంచదార కాదు కదా, తీగ ఎక్కడినుంచి వస్తుంది? ఆ బుద్ధి నాకు లేదు. ఇంకాస్త మరిగితే వస్తుందని మరిగించాను. ఆ రోజుల్లో దొరికే పొడి వేడికి ఆగదు. మరిగేకొద్దీ తీపి పోతుంది. డబ్బా వెనకాల చీమతలకాయంత అక్షరాల్లో రాసే ఉంది, చదువుకున్నదాన్ని కనుక చదవలేదు. బూందీ పోశాక అది నీళ్ళలో తేలుతూ ఉంది. వంటాయన గరిటెతో పైకెత్తి చూసి, ఇందులో చింతపండు వేయమంటారా అని మర్యాదగా అడిగాడు.

కాబట్టి అమ్మాయీ, పంచదార తీపికి మాత్రమే ఉందనుకోకు. ముద్ద కట్టేది అదే, బరువునిచ్చేది అదే, నిలవ ఉంచేది అదే. అది తీసేస్తే నాలుగు పనులు ఆగిపోతాయి. పొడి వాటిలో ఒక్కటే చేస్తుంది. అరిసెలు పాకం లేకుండా అవుతాయని ఎవరైనా చెబితే నమ్మకు. కోవాలో పంచదార వెయ్యకపోయినా పాల తీపి పాలకి ఉండనే ఉంటుంది, అదీ షుగర్ పెంచేదే.

రెండేళ్ళు రకరకాలుగా తగలేశాక సున్నుండ దగ్గర కుదిరింది. దానికి పాకం అక్కర్లేదు కదా. మినుములు పొట్టుతోనే దోరగా వేయించి, వాటిలో మూడో వంతు వేరుశనగపప్పు, గుప్పెడు నువ్వులు కలిపి మరీ మెత్తగా కాకుండా తిరగలిలో విసిరి, పూర్తిగా చల్లారాక తీపి పొడి కలిపి, ముద్ద నిలిచేంత నెయ్యి మాత్రమే వేసి ఉసిరికాయంత ఉండలు చుట్టాలి. చేసిన నాలుగు రోజుల్లో తినెయ్యాలి. తిన్నవాళ్ళు బాగుందన్నారు. నాకు గర్వం తలకెక్కింది. ఇది మందు కాదండీ, ఇందులోనూ పిండీ నెయ్యీ ఉన్నాయి, రోజుకి ఒకటి, అదీ ఒక ఇడ్లీ తగ్గించుకుని తినాలండీ అని చెప్పేదాన్ని. షుగర్ లేదన్న ముక్క వినేసి మిగతాది వినకుండా లేచిపోయేవారు.

ఒక్కటి పర్లేదు

మా పెద్ద డాక్టరుగారి గురించి చెప్పాలి. హస్తవాసి మంచిది, మనిషి ఇంకా మంచివాడు. ఆ మంచితనంతోనే నా ప్రాణం తీశాడు. నేను ఒక పేషెంటు ముందు గంటసేపు కూర్చుని ఏది ఎంత తినాలో చిత్రాలు గీసి చెప్పి పంపిస్తానా, అదే మనిషి ఆయన గదిలోంచి నవ్వుకుంటూ బయటికి వచ్చేవాడు. "పండగపూట ఒక్కటి పర్లేదులెండి" అనేవాడాయన. నా గంటా గంగలో కలిసేది.

ఒకసారి తలుపు మూసి దెబ్బలాడాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. వద్దంటే వాళ్ళు మానరమ్మా, చెప్పకుండా తింటారు, అప్పుడు మందు ఎంత ఇవ్వాలో నాకు తెలియదు, ఒక్కటి అంటే కనీసం ఒక్కటితో ఆగుతారని ఆశ అన్నాడు. ఆ మాటలో నిజం ఉంది, ఇవాళ ఒప్పుకుంటున్నాను. కానీ ఒక్కటి అంటే దేనికి ఒక్కటి? పండగకా, పూటకా? ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆ సందులోంచే తర్వాత కొంప మునిగింది.

నరసింహమూర్తి గారి మర్యాద

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అనుకుంటాను, దసరా వెళ్ళాక నరసింహమూర్తి గారు వచ్చారు. ద్రాక్షారామం దగ్గర పల్లెటూరు. వరి, కొబ్బరి, అరవై లోపు వయసు. గట్టు మీద నడుస్తుంటే తుమ్మముల్లు మడమలో దిగింది. దిగినట్టు ఆయనకి తెలియలేదు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గి ఎన్నాళ్ళయిందో కూడా తెలియదు. భార్య సత్యవతి గారు పక్క దులుపుతూ దుప్పటి మీద మరక చూసిందట. అప్పటికే పుండు లోపలికి పోయింది.

సర్జన్ గారు నా ఎదుటే, ఆ ఇద్దరికీ తెలుగులో స్పష్టంగా చెప్పారు. ఆరు వారాలు షుగర్ అదుపులో ఉంటే పుండు మానుతుంది, కాలు దక్కుతుంది. లేదంటే తీసెయ్యాలి. ఇంతకంటే విప్పి చెప్పేవాళ్ళు లేరు. సత్యవతి గారు చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన మాత్రం డాక్టరుగారికి నమస్కారం పెట్టి, మీరు ఎలా అంటే అలాగేనండి అన్నారు.

మందులకి పేచీ లేదు. ఇన్సులిన్ పొడిపించుకున్నారు. అన్నం తగ్గించమంటే తగ్గించారు. ఒక్క దగ్గరే ఆగిపోయారు. దీపావళి వెళ్ళగానే కార్తీకమాసం. ఆ నెలంతా ద్రాక్షారామం గుడికి వచ్చే చుట్టపక్కాలు, చుట్టాల చుట్టాలు వాళ్ళింట్లో దిగుతారు. దిగినవాళ్ళకి పళ్ళెంలో తీపి పెట్టకుండా మంచినీళ్ళు కూడా ఇవ్వరు. మీరు పెట్టండి, మీరు తినకండి అన్నాను. చిన్నపిల్లకి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పారు నాకు.

"మనం ముట్టకుండా ఎదుటివాళ్ళని తినమంటే వాళ్ళ చెయ్యి ముందుకి రాదండి. తోడు తినాలి. మా నాన్నగారు జ్వరంలో కూడా లేచి కూర్చుని తోడు తినేవారు."

ఇదేం మర్యాదండీ బాబూ అని తల కొట్టుకోవాలనిపించింది. కొట్టుకోలేదు. ఆయన మానడు, తినేదాన్ని మార్చాలి అని నాకు తట్టింది. అక్కడిదాకా నా తెలివి బాగానే పనిచేసింది. సత్యవతి గారిని మా ఇంటికి రప్పించి, మా వంటింట్లో పక్కనే నిలబెట్టుకుని నా సున్నుండలు నేర్పాను. మొదటి వాయి నా చేత్తోనే చుట్టి, కొత్త స్టీలు డబ్బాలో పెట్టి, మూత మీద మార్కరు పెన్నుతో స్పెషల్ అని రాశాను. కింద గీత కూడా గీశాను. వీటిని మామూలు సున్నుండలతో కలపకండి, ఆ పొడి చాలా ఖరీదు, అన్నిచోట్లా దొరకదు, జాగ్రత్తగా వాడండి అని నాలుగుసార్లు చెప్పాను. ఆవిడ డబ్బాని రెండు చేతులతో, ప్రసాదం అందుకున్నట్టు అందుకుంది. నేను చూసి సంతోషించాను కూడా.

అడగని ప్రశ్న

దీపావళి తర్వాత మొదటి పరీక్షలో షుగర్ పెరిగింది. ఇన్సులిన్ పెంచారు. తర్వాతి వారం ఇంకా పెరిగింది. సర్జన్ గారు కట్టు విప్పి చూసి, పుండు మానడం లేదని చెప్పి మళ్ళీ కట్టేశారు. పెద్ద డాక్టరుగారు నన్ను పిలిచి, మీ సున్నుండల సంగతి ఏంటమ్మా అన్నారు. ఒక్కటి పర్లేదన్న పెద్దమనిషి నన్ను అడుగుతున్నాడు. నాకు తల తీసేసినట్టయింది.

ఆ కోపమంతా సత్యవతి గారి మీద చూపించాను. వరండాలో పక్కకి పిలిచి, తీపి చాలలేదని మీరు పంచదార కలుపుతున్నారా అని నిలదీశాను. ఆవిడ, లేదండీ, మీరు చెప్పిన కొలతే, ఆ డబ్బాలో ఒక్క పలుకు పంచదార పడలేదండీ అంది. నమ్మలేదు. ఇలాంటి సమాధానాలు నేను రోజుకి పది వింటాను. అప్పుడు ఒక మాట అన్నాను. ఇన్నేళ్ళయినా ఆ మాట గుర్తొస్తే చెంపలు వేడెక్కుతాయి.

"ఆయన కాలు డాక్టర్లు తీయక్కర్లేదండీ. మీ చేతులతో మీరే తీయిస్తున్నారు."

ఆవిడ సంచీ సర్దుకుని, బస్సు టైమయిందండీ, వస్తాం అంది.

కార్తీకమాసం మూడో సోమవారం మా పెద్దత్త గుడికి వెళ్దామని గొడవ పెడితే సెలవు పెట్టి ద్రాక్షారామం వెళ్ళాను. దర్శనం అయ్యాక, ఎలాగూ ఇంతదూరం వచ్చాం కదా, కాస్త చూసొద్దామని నరసింహమూర్తి గారి ఊరికి రిక్షా మాట్లాడాను. చెప్పకుండా వెళ్ళాను. దొంగని పట్టుకుందామనే వెళ్ళాను, దాచడం ఎందుకు.

ఆయన వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు, కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని. పిఠాపురం నుంచి వచ్చిన చుట్టాలు నలుగురు ఎదురుగా కూర్చుని ఉన్నారు. నన్ను చూసి ఆయన మొహం చేటంత అయింది. లేవబోతే నేనే వద్దన్నాను. మా ఇంటికి మేడంగారు వచ్చారని చుట్టాలకి గొప్పగా చెప్పి, లోపలికి కేకేసి, మేడంగారికి ఆ స్పెషల్ డబ్బా తీసుకురమ్మన్నారు.

సత్యవతి గారు రెండు డబ్బాలతో వచ్చింది. మూత మీద నా దస్తూరీ ఉన్న డబ్బాలోంచి నాకూ, మా అత్తకీ, పిఠాపురం వాళ్ళకీ తలా రెండు పెట్టింది. కొరికాను. నా సున్నుండే. కొలత గోరంత తప్పలేదు. ఆవిడ నాకు నిజమే చెప్పింది. అప్పుడు రెండో డబ్బా మూత తీసి, అందులోంచి ఒకటి తీసి భర్త చేతిలో పెట్టింది. అది నిమ్మకాయంత ఉంది, నెయ్యి ఓడుతోంది.

ఆ డబ్బాలోవి ఏంటండీ అని ఆయన్ని అడిగాను.

"మామూలువేనండి. ఇంట్లోవాళ్ళకి."

"మరి మీకోసం చేసినవి మాకు పెడుతున్నారేంటండీ?"

ఆయనకి నా ప్రశ్న అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. పిఠాపురం వాళ్ళ వైపు చూసి నవ్వి, నా వైపు తిరిగారు.

"మంచివి ఇంటికొచ్చినవాళ్ళకి పెట్టి మామూలువి మనం తింటామండి. స్పెషల్‌వి మనం మింగేసి మామూలువి వాళ్ళ ముందు పెడితే ఏం బావుంటుందండీ? అందరూ ఎంత మెచ్చుకుంటున్నారో తెలుసాండీ. షుగర్ లేకుండా ఇంత రుచి ఎలా వచ్చిందని ఊళ్ళోవాళ్ళు కూడా వచ్చి తిని వెళుతున్నారు."

రోజుకి ఎన్ని తింటున్నారు అని అడిగాను.

"ఒక్కటేనండి. పెద్ద డాక్టరుగారు ఒక్కటి పర్లేదన్నారు కదండీ. వచ్చినవాళ్ళతో తోడు ఒక్కటి. అంతకుమించి ముట్టుకుంటే ఒట్టు."

వచ్చినవాళ్ళతో తోడు ఒక్కటి. కార్తీకమాసంలో ఆ ఇంటికి రోజుకి ఎంతమంది వస్తారో లెక్కపెట్టే ఓపిక నాకు లేదు. షుగర్ అంటే ఏంటో తెలియని పిఠాపురం వాళ్ళు షుగర్ లేని సున్నుండలు తింటున్నారు. కాలు పోబోయే మనిషి నెయ్యీ బెల్లం ఓడుతున్నది తింటున్నాడు. ఇద్దరి మధ్యా నేను డబ్బా మీద గీత గీసి కూర్చున్నాను. చుట్టాలున్నారని కూడా చూడకుండా ఆయన్ని తిట్టాను. అందులో నా మీద కోపమే ఎక్కువ. మా అత్త నా మోచెయ్యి గిల్లుతూనే ఉంది. ఆయన చేతిలో సున్నుండ తినాలో, డబ్బాలో వెయ్యాలో తెలియక అలాగే పట్టుకుని ఉండిపోయారు. సత్యవతి గారు నా వైపు చూడలేదు. మూత మీద రాసిన అక్షరాలనే చూస్తూ నిలబడింది.

నేను వరండాలో ఆవిడని అడిగింది డబ్బాలో ఏముందని. డబ్బాలోది ఎవరు తింటున్నారని అడగలేదు. ఈ వృత్తిలో నా అతి పెద్ద తప్పు ఏంటని ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను. ఈ ఊళ్ళలో ఖరీదైనదేదీ ఇంటి మనిషి నోటికి వెళ్ళదు. నేను ఇక్కడే పుట్టాను. మా అమ్మ మంచి మామిడిపళ్ళు ఏరి చుట్టాలకి పెట్టి, మచ్చపడ్డవి మాకు కోసిపెట్టేది. అది తెలిసి కూడా స్పెషల్ అని రాశానంటే, నన్నేమనాలి? ఆ ఒక్క మాట రాయకుండా, ఇవి చప్పగా ఉంటాయండీ, పరాయివాళ్ళకి పెడితే పరువు పోతుంది అని చెప్పి ఉంటే, వాటినే ఆయన చేత రోజుకి ఒకటి తినిపించి ఉండేవాళ్ళు.

కుంచెడు మినుములకి

ఆ సోమవారం నుంచి షుగర్ దిగింది. కానీ అప్పటికే పుండు ఎముకని అంటుకుంది. కార్తీకం వెళ్ళిన వారానికి మోకాలి కింద నుంచి తీసేశారు.

మర్నాడు వార్డుకి వెళ్ళాను. ఆయన మత్తులో నిద్రపోతున్నారు. సత్యవతి గారు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని దుప్పటి సర్దుతోంది, కాలు లేనిచోట కూడా. నేను ఆ రోజు వరండాలో అన్న మాటకి క్షమించమని అడిగాను. పేషెంటు తాలూకు వాళ్ళని క్షమించమని అడగడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి. మొదటిసారి కాకుండా ఉండాల్సింది.

"మీరన్నది నిజమేకదండీ" అంది ఆవిడ. "ఆయన కాలు ముక్కలు చేసి, పళ్ళెంలో పెట్టి వచ్చినవాళ్ళందరికీ పంచేశాను. అందరూ బాగుందన్నారు."

తప్పు నాదేనండీ, స్పెషల్ అని రాసింది నేనేనండీ అన్నాను. ఆవిడ విన్నట్టు లేదు. నేను అక్కడే నిలబడి ఏడ్చాను. పేషెంట్ల ముందు ఏడవకూడదని నీకు కాలేజీలో చెప్పి ఉంటారు. మాకూ చెప్పారు.

డిశ్చార్జి రోజున సత్యవతి గారు నా గదికి వచ్చింది. ఇంటి దగ్గర ఏం పెట్టాలో చార్టు కోసం అనుకున్నాను. కాదు. కుంచెడు మినుములకి ఆ పొడి ఎంత పడుతుందో రాసిమ్మంది. కుంచెడు ఎందుకండీ, ఆయనకి వారానికి సోలెడు చాలు కదా అన్నాను.

"ఆయనకి వేరే చెయ్యనండి. ఇక మా ఇంట్లో ఒకటే డబ్బా. ఇంటాయన తినేదే వచ్చినవాళ్ళూ తింటారు."

నా నోటుపుస్తకం మొత్తం తిప్పాను. అన్నీ ఒక్క మనిషికి సరిపోయే కొలతలే. ఇన్నేళ్ళలో ఇంటిల్లిపాదికీ సరిపోయేలా ఒక్కటి కూడా రాయలేదని అప్పుడు చూసుకున్నాను. కుంచెడుకి లెక్క కడితే పొడి ఖర్చు వాళ్ళకి కూడా బరువే. కూర్చుని ఇద్దరం కలిసి పొడి సగానికి తగ్గించి, యాలకులూ కొంచెం శొంఠీ పెంచి కొలత కట్టాం. చప్పగా ఉన్నాయంటారేమోనండీ అన్నాను. అననివ్వండి అంది. ఆ పేజీ చూడు, నోటుపుస్తకంలో ఆఖరిది. నాకు నచ్చే పేజీ అదొక్కటే.

ఇంతకీ నేను చెప్పొచ్చేది, నీ దగ్గరికి వచ్చిన మనిషికి మాత్రమే వంట చెప్పకు. ఆ మనిషి పక్కన ఎవరు కూర్చుంటారో, ఎవరు ముందు తింటారో, మిగిలింది ఎవరు తింటారో అడుగు. వీలైతే ఒకసారి వాళ్ళింటికి వెళ్ళు, చెప్పకుండా వెళ్ళు. మేనేజరు బస్సు ఛార్జీలివ్వడు. అయినా వెళ్ళు.

మరుసటి కార్తీకంలో మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. ఈసారి చెప్పే వెళ్ళాను. నరసింహమూర్తి గారు అదే వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు, కట్టుడు కాలు అలవాటు కాలేదని విప్పి గోడకి ఆనించి పెట్టారు. కాకినాడ నుంచి వచ్చిన దంపతులు ఉన్నారు, ఆయనకి దూరపు చుట్టాలు. సత్యవతి గారు ఒక్క డబ్బా తెచ్చి, సున్నుండలు పళ్ళెంలో పెట్టి ఆయన చేతికి ఇచ్చింది. అలవాటు కొద్దీ ఆయన పళ్ళెం ముందు చుట్టాల వైపే చాచారు. వాళ్ళ చేతులు లేచాయి. అప్పుడు పళ్ళెం వెనక్కి లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నారు. చెవులదాకా ఎర్రబడిపోయారు. మేం తలో వైపు చూస్తూ కూర్చున్నాం.

"ఏమీ అనుకోకండి" అన్నారాయన. "ముందు నేను తింటానండి."

ఒకటి తీసుకుని, మా అందరి ముందూ నెమ్మదిగా నమిలి మింగి, అప్పుడు పళ్ళెం మాకు అందించారు. ఆ ఒక్కమాట నోట రావడానికి ఆ పెద్దమనిషికి ఒక కాలు పోవలసి వచ్చింది.